ఖాళీ చేసి పోయిండు

ఈ గొడవ మొదలయ్యేదాకా నా పేరు ఒకే ఒక్క కార్డు మీద అచ్చయింది. అది నా పెళ్లి కార్డు. అందులోనూ మా మామగారి పేరుకన్నా సన్నటి అక్షరాల్లో. పెళ్లికూతురి పేరు పక్కన ఆమె డిగ్రీ వేశారు. నా పేరు పక్కన ఏం వేయాలో తోచక అచ్చాఫీసువాడు ఒక చిన్న పువ్వు బొమ్మ వేశాడు. ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాడికి దొరికే పట్టా అదేనని చెప్పి ఇన్నేళ్లుగా అందర్నీ నవ్విస్తున్నాను.

నాది అమీర్‌పేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు. షాపు అంటే పెద్దదేం కాదు, గోడకూ మెట్లకూ మధ్య మిగిలిపోయిన జాగా. పైన అంతస్తుల నిండా కంప్యూటర్ కోర్సులు చెప్పే ఇన్‌స్టిట్యూట్లు. ఆ మెట్లెక్కి దిగే పిల్లల ఫోన్లకు పగిలే అద్దాలే నా తిండి. నా భార్య కూడా ఆ మెట్లు దిగి వచ్చిన మనిషే. విశాఖపట్నంలో డిగ్రీ పూర్తిచేసి, ఇక్కడ హాస్టల్లో ఉండి కోర్సు నేర్చుకుంటూ, నీళ్లలో పడ్డ ఫోను పట్టుకొచ్చింది. అది బాగయ్యే ఫోను కాదని నాకు మొదటిరోజే తెలుసు. అయినా రేపు రమ్మన్నాను. ఆ మర్నాడు మళ్లీ రేపు రమ్మన్నాను. ఆ రేపులన్నీ కలిసి పెళ్లయింది.

మా అత్తగారింట్లో నన్నెవరూ ఒక్క మాట అనరు. అదే వాళ్లు నన్ను తిట్టే పద్ధతి. భోజనాల దగ్గర అందరూ ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటూ నా వంతు రాగానే, "హైదరాబాద్‌లో ట్రాఫిక్ బాగా ఎక్కువండీ?" అంటారు. ఆ ఇంట్లో నా జోకుకు జోకుతో జవాబిచ్చే మనిషి మా అత్తమ్మ ఒక్కతే. మొదట్లో ఈ పెళ్లి వద్దని గట్టిగా పట్టుబట్టిందీ ఆమే. "నోరున్నవాడు, చదువు లేదు. ఒకటి రెండోదాన్ని తినేసినట్టుంది" అందట నన్ను చూసి. నాకు చాలా నచ్చింది ఆ మాట.

నా తోడల్లుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త, విశాఖలో పెద్ద కంపెనీలో మేనేజరు. అత్తమ్మ ఉండేది వాళ్లింట్లోనే. మనిషి మంచివాడు. తను మంచివాడన్న సంగతి మనం మరిచిపోకుండా కూడా చూసుకుంటాడు. ఆయన ఏదీ కొనడు. మిక్సీ కొనలేదు, "పాయింట్లతో వచ్చిందండి." చేతి గడియారం, "పాయింట్లేనండి." విమానం టికెట్లు, "మనం రూపాయి పెట్టలేదు అన్నయ్యా, అంతా కార్డు పాయింట్లే." వాడిన ప్రతి వంద రూపాయలకూ బ్యాంకువాడు ఏవో పాయింట్లు వేస్తాడట, అవి పోగైతే సరుకులుగా మారతాయట. ఆయన చెప్పే తీరు చూస్తే బ్యాంకువాడు ఆయనకు మేనమామ అనుకోవాలి.

కిందటేడు అత్తమ్మ మోకాళ్లు చూపించడానికి తోడల్లుడూ మరదలూ ఆమెను పంజాగుట్టలోని ఒక ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఆపరేషన్ చేయాలన్నారు, తర్వాత చేయిద్దామనుకున్నారు. తిరుగు ప్రయాణంలో తోడుగా నా భార్య కూడా విశాఖ వెళ్లింది. విమానం ఎక్కేముందు కార్డున్నవాళ్లు కూర్చుని తిని తాగే గది ఒకటుంటుంది, లాంజ్ అంటారు. తోడల్లుడి కార్డు మీద ఆయనా, ఆయన అతిథిగా అత్తమ్మా. మరదలికి ఆమె పేరున్న కార్డు ఉంది కాబట్టి ఆమె. "రెండు కార్డులకూ కలిపి ఒక్క అతిథే వదినా, ఇంకొకరిని ఒప్పుకోరు, రూలు. కాసేపట్లో వచ్చేస్తాం, బ్యాగులు చూస్తుంటారా?" అన్నాడట.

ఇంటికొచ్చాక నా భార్య నాతో ఒకే మాట చెప్పింది. "నేను బ్యాగులు చూసుకున్నాను." మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

మిగతాది అత్తమ్మే ఫోన్లో చెప్పింది. "గాజు తలుపు బాబూ. అటు నా పిల్ల బ్యాగుల మధ్య కూర్చుని కనబడుతూనే ఉంది. నా ముందు కేకు ముక్క పెట్టారు. ఎలా మింగను? కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చాను. అదీ తినలేదు. మీరేమో ఇద్దరూ ఇద్దరే."

ఈ ఏడు అత్తమ్మకు ఆ ఆసుపత్రిలోనే ఆపరేషన్ అయింది. నడక సరిగ్గా వచ్చేదాకా మా ఇంట్లోనే ఉంటుందని నా భార్య గట్టిగా చెప్పింది. తిరిగి తీసుకెళ్లడానికి నేనే వస్తానని తోడల్లుడు అన్నా ఒప్పుకోలేదు. అత్తమ్మ కాళ్లకు నూనె రాస్తూ నేను వింటుండగానే అంది, "ఈసారి ఆ గదిలోకి నేను తీసుకెళ్తానమ్మా. నా పేరున్న కార్డు మీద."

"ఆ ఇడ్లీ కోసమా? పిండిబొమ్మలా ఉంటుందే" అంది అత్తమ్మ.

"ఇడ్లీ కోసం కాదు. కూర్చోడానికి."

నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "పైసలు కట్టినా లోపలికి పోనిస్తరట. కడదాం, అయిపాయె" అన్నాను.

"ఎంతట?" అంది అత్తమ్మ వెంటనే. నేను చెప్పాను. "అంత పెట్టి కూర్చోడానికి నా కాళ్లేమైనా బంగారంతో చేశారా? గుమ్మంలోకి కూడా రాను" అంది. ఆ ఇంటి మనుషుల పద్ధతి అది. ఊరికే వస్తే హక్కు, డబ్బు పెడితే దుబారా. నా భార్య నావైపు చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. షాపు లెక్కలన్నీ ఆమె చేతిలోనే ఉన్నా షాపు నా పేరు మీద ఉంది. ఆమెకు కార్డు రావాలంటే ముందు నాకు రావాలి, దాని మీద ఆమె పేరుతో రెండో కార్డు తీసుకోవాలి.

ఇక్కడే నాకొక చిక్కుంది. మెట్రో మెట్ల దగ్గర నిలబడి "సార్, క్రెడిట్ కార్డు సార్" అని వెంటపడే పిల్లల్ని ఏళ్ల తరబడి ఏడిపించినవాణ్ని నేను. "నాకు కార్డిచ్చినోని ఉద్యోగం పోతది తమ్మీ, నీకు పెండ్లయిందా మరి?" అనేవాణ్ని. చాయ్ దగ్గర అదే చెప్పి నవ్వించేవాణ్ని. అందరికన్నా ఎక్కువ నవ్వేది నా పక్క షాపు భాయ్. సూట్‌కేసులు రిపేరు చేస్తాడు. హాస్టళ్లకు వచ్చే పిల్లల పెట్టెలకు ఊడిన చక్రాలు, తెగిన జిప్పులు, విరిగిన హ్యాండిళ్లు. తను వడ్డీ జోలికి పోడు, పోయేవాళ్లను మెచ్చడు. నా షట్టర్ తాళంచెవి ఒకటి ఆయన దగ్గరుంటుంది, ఆయనది నా దగ్గర. అంతటి మనిషికి కూడా నేను కార్డుకు పెట్టుకుంటున్నానని చెప్పలేదు. చెబితే నా జోకులన్నీ నా మీదికే తిరిగివస్తాయి. ఇంకొకరి మీద వేసినంత కాలం జోకు చాలా తేలిక వస్తువు.

పంజాగుట్టలో ఉన్న ఆ పెద్ద బ్యాంకులోనే నా షాపు ఖాతా ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. కార్డుల సీటులో ఉన్న మేడమ్ నా ముందు మూడు రంగుల కాగితాలు పరిచింది. ఒకటి సరుకులు కొంటే కొంత డబ్బు వెనక్కి ఇచ్చేది, ఒకటి పెట్రోలుది, ఒకటి ప్రయాణాలది. లాంజ్ ఉన్నది మూడోదానికే.

"దీనికి పాయింట్లు బాగా వస్తాయి సార్" అంది.

"నాకు అన్నిటికన్నా పెద్ద ఖర్చు షాపు కిరాయి మేడమ్."

"కిరాయికి రావు సార్."

"పెట్రోలు?"

"దీంట్లో రావు."

"బంగారం కొంటే?"

"బంగారానికి ఉండవు."

"కరెంటు బిల్లు?"

"కొంతవరకే సార్."

"మరి దేనికొస్తయి?"

"హోటళ్లు, విమానం టికెట్లు. విదేశాల్లో షాపింగ్ చేస్తే డబుల్."

"అంటే తిరిగేటోనికి తిరిగెతందుకు ఇస్తరన్నట్టు. ఇంట్ల కూసున్నోనికి బిల్లు."

మేడమ్ నవ్వాపుకుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "నేను కూడా తీసుకోలేదు సార్" అంది. ఆ బ్యాంకులో నాకు దొరికిన నిజమైన లాభం ఆ ఒక్క మాటే.

తర్వాత కంప్యూటర్లో నా వివరాలు కొట్టడం మొదలుపెట్టింది. "చదువు సార్?"

"ఏడు."

"ఏడు అంటే?"

"ఏడో తరగతి. అది సుత సగం. ఏడున్నర అని రాయకుండ్రి, తప్పయితది. ఆరున్నర."

ఆమె తెర మీద కిందికీ పైకీ వెతికింది. "టెన్త్ నుంచే ఉంది సార్ ఇందులో. మీది లేదు."

"అంటే నేను లేనా?"

"ఇతరములు అని పెడతాను సార్."

పెట్టింది. నా డబ్బు వాళ్ల దగ్గర దాచుకుంటున్న ఇన్నేళ్లలో ఎవరూ నా చదువు అడగలేదు. నా చేతిలో వాళ్ల డబ్బు పెట్టాల్సి వచ్చేసరికి మొదటి ప్రశ్న అదే. అయినా నవ్వుతూనే కూర్చున్నాను. లేవబోతుంటే మేడమ్ చెప్పింది, "మా తరపున ఒకాయన మీ షాపుకొచ్చి చూస్తాడు సార్. నిజంగా ఉందా లేదా అని. పక్కవాళ్లను కూడా అడుగుతాడు. ఎప్పుడొస్తాడో ముందుగా చెప్పరు. మీరుండండి."

పక్కవాళ్లను కూడా అడుగుతాడు. ఆ మాట నా చెవిన పడింది. నేను దాని సంగతి ఆలోచించాల్సింది.

ఎందుకంటే మా గల్లీలో ఒక ఒప్పందం ఉంది. దాన్ని కనిపెట్టినవాణ్ని నేనే. మెడలో తాడు, తాడుకు గుర్తింపు కార్డు, చేతిలో ఫైలు పట్టుకుని ఎవరొచ్చినా వాడివల్ల మనకు మంచి జరగదు. ఇన్సూరెన్సు అమ్మేవాడో, చందా అడిగేవాడో, లైసెన్సు ఎక్కడని అడిగేవాడో అయ్యుంటాడు. అలాంటివాడు వచ్చి, షాపు మనిషి ఎదురుగా లేకపోతే, పక్కవాడు చెప్పాల్సిన మాటలు నేను ఖాయం చేశాను. "ఖాళీ చేసి పోయిండు. యాడికి పోయిండో తెల్వదు. మాకు సుత బాకీ ఉన్నడు." ఆ చివరి మాట నా సొంత కళ. అది వింటే వచ్చినవాడు ఇక తిరిగి రాడు. పైగా మనమీద జాలిపడి పోతాడు. భాయ్ గురించి నేను ఎందరికి చెప్పానో. నా గురించి ఆయన ఎందరికి చెప్పాడో. సాయంత్రం చాయ్ దగ్గర ఎవరు బాగా నటించారో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం.

నేను షాపులోనే ఉంటాను కదా, ఆ మనిషి వస్తే నేనే మాట్లాడతాను కదా అనుకున్నాను. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను. భాయ్ చూశాడు.

"క్యా మియా, రోజు పెండ్లిచూపులా?"

"గిరాకీ పెరుగుతదని భాయ్."

"మూతి మార్చు, పెరుగుతది. చొక్కా మారిస్తే ఏమైతది?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. భాయ్ అప్పటికే నవ్వుతున్నాడు, నేనూ నవ్వేశాను.

ఒక పొద్దున అత్తమ్మను ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. నా భార్యకు జ్వరంగా ఉంది. షట్టర్ దించి నేనే ఆటో మాట్లాడుకుని వెళ్లాను. పంజాగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవర్ కింద ఆటో ఆగిపోయింది. అత్తమ్మ కట్టు కట్టిన కాలు చాపుకుని బయటికి చూస్తూ, "ఇంతమంది ఎక్కడికి వెళ్తున్నారు బాబూ?" అంది. "అందరూ ఆ గదిలకే అత్తమ్మా. మనం పొయ్యేసరికి ఇడ్లీలు అయిపోతయి" అన్నాను. ఆమె నవ్వింది. నిజంగా సంతోషపడే నవ్వింది. ఎన్నడూ ఆశ లేనట్టు మాట్లాడే మనిషికి ఎంత ఆశ ఉందో అప్పుడు చూశాను.

మేం తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. భాయ్ ఏదో పెట్టెకు చక్రం బిగిస్తున్నాడు. చేయి ఊపాడు. నేను ఊపాను. అంతే.

తర్వాత కొద్దిరోజులకే ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే నా భార్య చదివి చెప్పింది. మీ దరఖాస్తును శ్రద్ధగా పరిశీలించాం, చింతిస్తున్నాం, ఇవ్వలేకపోతున్నాం. చింతించే మనిషి పేరు మాత్రం లేదు. నా భార్య ఫోను నా చేతిలో పెట్టి, "వెళ్లి అడగండి. తప్పేదో జరిగుంటుంది" అంది.

బ్యాంకు మేడమ్ మొదట కారణం చెప్పకూడదంది. నేను లేవకుండా కూర్చునేసరికి తెర చూసింది. ఆమె మొహం మారింది. "మీరు షాపు ఖాళీ చేసి వెళ్లిపోయారని ఉంది సార్. షట్టర్ మూసి ఉందట. ఎక్కడికెళ్లారో తెలియదన్నారట. చుట్టుపక్కలవాళ్లకు బాకీలు కూడా..."

ఆమె వాక్యం పూర్తిచేయలేదు. పూర్తిచేయాల్సిన అవసరం లేదు. ఆ వాక్యం రాసిందే నేను.

అమీర్‌పేటకు నడిచే వచ్చాను. మెట్రో ఎక్కబుద్ధి కాలేదు. భాయ్ నన్ను చూడగానే మొహం వెలిగించుకుని స్టూలు జరిపాడు. "అరె, చెప్పుడే మర్చిపోయిన! ఆ దినం నువ్వు దవాఖానకు పొయ్యినంక ఒకడు వచ్చిండు. మెడల తాడు, చేతిల ట్యాబు. నీ పేరు తీస్కొని అడిగిండు. ఏం చెప్పిననుకున్నవ్?"

నేను నవ్వాను. అలవాటు.

"ఫస్ట్ క్లాస్ చెప్పిన భాయ్! గొంతుల జర ఏడుపు సుత పెట్టిన. మాకు బాకీ ఉన్నడు సాబ్, పిల్లలు గలోన్ని అంటే వాడు నా భుజం తట్టి పోయిండు. ఆ, నవ్వుతలేవేంది?"

చెప్పాను. చెబుతుంటే ఆయన చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు ఒక్కచోటే తిరుగుతూ ఉండిపోయింది.

"కార్డా? నువ్వా?" అన్నాడు చివరికి. నేను భయపడ్డ నవ్వు రాలేదు. "నాకెందుకు చెప్పలే?"

"నవ్వుతవని."

"నవ్వెటోన్ని. మస్తు నవ్వెటోన్ని. నవ్వి, వాడొస్తే కుర్సీ వేసి కూసోబెట్టి చాయ్ పోసెటోన్ని." స్క్రూడ్రైవరు కిందపెట్టాడు. "నీ తాళంచెవి నా తాన ఉంటది. గింత ముచ్చట ఉండొద్దా?"

లేచి వెళ్లి నా షట్టర్ ఎత్తాను.

మర్నాడు భాయ్ తన షట్టర్ కూడా దించి నన్ను బ్యాంకుకు లాక్కెళ్లాడు. మేడమ్ సీటు ముందు నిలబడి, ఛాతీ మీద చేయి పెట్టుకుని, హాలంతా వినబడేట్టు చెప్పాడు. "మేడమ్, నేను ఝూట్ చెప్పిన. ఈయన యాడికి పోలే. నాకు ఒక్క రూపాయి బాకీ లేడు. నేనే ఈయనకు చాయ్ పైసలు ఇయ్యాలె."

వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. "మీరు చెప్పేది నాకు అర్థమవుతోంది సార్. ఆయన నాకు కనిపిస్తూనే ఉన్నారు. సిస్టమ్‌లో లేరు."

"సిస్టమ్‌కు నేను చెప్త. యాడున్నదది?"

"అలా మార్చలేం సార్. కొన్ని నెలలు ఆగి మళ్లీ పెట్టుకోవాలి."

అత్తమ్మ ప్రయాణం పది రోజుల్లోకి వచ్చింది. నేను భాయ్ చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. ఆయన మెట్ల మీద ఆగి బ్యాంకు బోర్డు చూసి, "వాడు నా ఝూట్ నమ్మిండు, నా సచ్ నమ్మలే" అన్నాడు.

ఇంట్లో నా భార్య అత్తమ్మ చీరలు మడతపెడుతోంది. అత్తమ్మ పక్క గదిలో పడుకుని ఉంది. జరిగిందంతా గుసగుసగా చెప్పాను. ఆమె చీర మడత విప్పి మళ్లీ మొదటినుంచి పెట్టింది.

"ఆ మాటలు రాసిపెట్టింది మీరేగా?"

"ఊఁ."

"బాగా రాశారు" అంది. చీర పక్కన పెట్టి, "అమ్మకు చెప్పొద్దు" అంది.

"మరేం చెప్దాం? ఆ గది రిపేర్ల కోసం బంద్ చేసిండ్రందాం. రిపేరు అబద్ధాలు నాకు మస్తు వస్తయి."

ఆమె నవ్వలేదు. వేరే దారి లేక ఒప్పుకుంది.

అత్తమ్మ పాత సూట్‌కేసుకు ఒక చక్రం ఊగుతోంది. భాయ్ అడిగి మరీ తీసుకున్నాడు. నాలుగు చక్రాలూ కొత్తవి వేశాడు, డబ్బు ముట్టలేదు. పెట్టె నేను తీసుకెళ్తానంటే ఇవ్వలేదు. తనే ఇంటికి పట్టుకెళ్లి దించి వచ్చాడు. ఆ పూట నా భార్య బజారుకు వెళ్లింది. పెట్టె దించడానికి ఇంతసేపా అనిపించింది గానీ అడగలేదు. వచ్చి కూర్చుని, "మీ అత్తమ్మ చాయ్ మంచిగ పెడ్తది" అన్నాడు. ఆ కాళ్లతో వంటింట్లోకి ఎలా వెళ్లిందో అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

ప్రయాణం రోజున ట్యాక్సీలో ముగ్గురం వెళ్లాం. టికెట్లు మాత్రం నా డబ్బుతోనే కొన్నాను. పాయింట్లతో తీస్తానని తోడల్లుడు ఎంత చెప్పినా నా భార్య వద్దంది. ఎయిర్‌పోర్టులో టికెట్ లేనివాణ్ని గేటు దాటనివ్వరు. చక్రాల కుర్చీ తోసే మనిషి వచ్చాడు. అత్తమ్మ కుర్చీలో కూర్చుని, కొత్త చీర కొంగు సర్దుకుని, "వెళ్లొస్తాం బాబూ" అంది. గేటు దగ్గర నా భార్య ఒకసారి వెనక్కి తిరిగింది. చేయి ఊపడానికి కాదు. ఇంకేమైనా మిగిలిందా అని చూసినట్టు. నేను ఏదో సైగ చేశాను, నవ్వించాలని. ఆమె అప్పటికే తిరిగిపోయింది.

కొంతసేపటికి నా భార్యకు ఫోన్ చేశాను. "చెప్పాను. సరే అంది. గేటు దగ్గర కుర్చీల్లో కూర్చున్నాం" అంది. వెనకాల ఏవో పేర్లు పిలుస్తున్నారు. "కేకు కొననా అంటే వద్దంది" అని పెట్టేసింది.

ఆ రాత్రికి తోడల్లుడు ఫోన్. "వదినా, అత్తయ్యగారూ క్షేమంగా వచ్చారు అన్నయ్యా. లాంజ్ సంగతి ఒక్క మాట చెబితే నా కార్డు మీదే ఏదో ఒకటి చేసేవాణ్ని కదా. మనలో మనకు మొహమాటం ఏంటి?" మంచివాడని చెప్పాను కదా.

ఆ వారంలోనే ఒక అమ్మాయి ఫోన్ చేసింది. అదే బ్యాంకు. "కంగ్రాచులేషన్స్ సార్, మీ కోసం స్పెషల్‌గా ఒక కార్డు ఆఫర్ ఉంది." నా పేరు చెప్పి, మాట్లాడుతున్నది మీరేనా అని అడిగింది. "ఆయన ఖాళీ చేసి పోయిండమ్మా" అని పెట్టేశాను. పక్క షాపులోంచి భాయ్ విన్నాడు. ఎప్పుడూ నవ్వే మనిషి తల వంచుకుని జిప్పు లాగుతూ ఉండిపోయాడు. మా ఒప్పందం ఆ రోజుతో పోయింది. ఇప్పుడు మెడలో తాడున్న ఎవడొచ్చినా భాయ్ ముందుగా స్టూలు వేస్తున్నాడు. నిన్న ఒకడు ఆయనకు ఇన్సూరెన్సు అమ్మేసి పోయాడు.

నా భార్య ఇంకా విశాఖలోనే ఉండగా అత్తమ్మకు ఫోన్ చేశాను. నాకు ఏదైనా సరే నవ్వుతో మూసేస్తే తప్ప నిద్ర పట్టదు. "కాళ్లు మంచిగున్నయా అత్తమ్మా? ఆ గది బంద్ పెట్టుడే మంచిదైంది. రిపేర్లయినంక ఇడ్లీలు గట్టిగ కాకుండ చేస్తరట. వచ్చేసారి పోదాం" అన్నాను.

అటు టీవీ గొంతు తగ్గించిన చప్పుడు.

"గది తెరిచే ఉంది బాబూ" అంది అత్తమ్మ. "మేం కూర్చున్నది దాని ఎదురుగానే. జనం వెళ్తూనే ఉన్నారు, వస్తూనే ఉన్నారు. మూసేశారమ్మా అని చెప్పి నా పిల్ల అటు మొహం తిప్పేసుకుంది. నేను కూడా అటు చూడలేదు. ఇంకెప్పుడైనా నాకు అబద్ధం చెప్పించాలంటే దానిచేత చెప్పించకు. పెట్టె తెచ్చిచ్చిన మీ పక్కకొట్టు ఆయనచేత చెప్పించు. ఆయన చెబితే బ్యాంకే నమ్మింది."